యోకెపా శ్రుతి

1953 జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ నాన్నా భోజనానికి కూర్చున్నాం. రేడియో మోగుతోంది. మా హొనొలులులో వైకీకీ సముద్రం ఒడ్డున ఉన్న హోటల్ నుంచి ప్రతి ఆదివారం రెండు గంటలకు పాటల కార్యక్రమం వచ్చేది. పద్నాలుగేళ్ళు ఆ కార్యక్రమంలో స్టీల్ గిటార్ వాయించింది మా నాన్న యోకెపా. మే నెలలో మేనేజరు ఆయన్ను పిలిచి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నాన్న అడగలేదు.

“ఇప్పుడు ఎనోక వాయిస్తాడు. ఈ శ్రుతి ఆయన సొంతం! కలలో విన్నాడట. ప్రపంచంలో ఇంకెవరికీ తెలీదు,” అన్నాడు రేడియోలో మాట్లాడే తెల్లాయన.

పాట మొదలైంది. నాన్న చేతిలో చేపముక్క నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోయింది.

అది పాత జాజ్ పాట. నాన్న పడుచుతనంలో ఓడల్లో వాయించడానికి పోయినప్పుడు షికాగో నాట్యశాలల్లో విని నేర్చుకున్న వాటిలో ఒకటి. సాక్సఫోన్లూ బాకాలూ కలిసి పది మంది వాయించాల్సిన పాట. ఒళ్ళో పెట్టుకున్న గిటార్ మీద, ఎడమచేతిలో ఒక్క ఉక్కుకడ్డీతో ఆ పది మందినీ పలికించాలంటే మామూలు శ్రుతి సరిపోదు. నాన్న ఆరు తీగల్ని ఎనిమిది చేసి, రెండేళ్ళు బిరడాలు తిప్పుతూ కూర్చుని, ఏ తీగని ఏ స్వరానికి బిగించాలో ఆ శ్రుతి కనిపెట్టాడు. ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. మా దగ్గర స్టీల్ గిటార్ వాళ్ళందరిదీ అదే పద్ధతి. వాయిస్తూ మధ్యలో నీళ్ళు తాగడానికి లేచినా సరే, తీగలన్నీ వదులు చేసేసి మరీ లేస్తారు, ఇంకొకడు వచ్చి మీటి చూడకుండా.

రేడియోలో పాట మూడో భాగానికి వచ్చింది. అక్కడ నాన్న కడ్డీని జరిపేముందు రెప్పపాటు ఆగేవాడు. ఎనోక కూడా అంతే ఆగాడు.

“నాన్నా, ఇది నీది.”

“తిను.”

“మన ఇంట్లో కూర్చుని నేర్చుకుని, కలలో విన్నాడట కల!”

“చేప చల్లారిపోతోంది, తిను మీలియా,” అన్నాడు నాన్న. తను మాత్రం తినలేదు. చేతులు కడుక్కుని, వల తీసుకుని వసారాలోకి పోయాడు.

ఎనోకని వాళ్ళమ్మ పన్నెండో ఏట మా ఇంటికి పెంపకానికి ఇచ్చింది. ఎనిమిదేళ్ళు మా కంచంలో తిన్నాడు. మా అమ్మ పోయినప్పుడు శవపేటిక మోసినవాళ్ళలో వాడొకడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. నాన్న తన శ్రుతిని వాడికి ఇచ్చి, హోటల్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకు ఇవ్వలేదు. పదేళ్ళప్పుడు అడిగితే, “నువ్వు పాడు, ఆడు. ఒళ్ళో ఇనప్పెట్టె పెట్టుకుని కూర్చుంటే ఆడపిల్లకు ఏం బావుంటుంది?” అన్నాడు. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు.

మర్నాడు సాయంత్రం నేను పనిచేసే అనాసపళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పోకుండా నేరుగా హోటల్ వెనక గేటు దగ్గరికి పోయాను. ఎనోక తెల్లబూట్లు తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

“రా చెల్లీ. బాబాయ్ ఎలా ఉన్నాడు?”

“నాన్నని ఎందుకు మాన్పించారు?”

“నాకేం తెలుసు?”

“మేనేజరుకి ఎవరు ఏం చెప్పారు?”

వాడు బూటు పక్కన పెట్టాడు. “బాబాయ్ కుడిచెయ్యి వణుకుతోంది. నిజమే కదా? నేను లేనిది కల్పించానా?”

నాన్న చెయ్యి నిజంగానే వణికేది. బాగా అలిసినప్పుడు, కార్యక్రమం చివర్లో, కొంచెం. ఆ సంగతి పక్కన కూర్చుని వాయించేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

“ఆ వణుకు కనబడకుండా నువ్వు పక్కనుంచి కాస్త గట్టిగా వాయించొచ్చు. అందుకే కదా నిన్ను అక్కడ కూర్చోబెట్టుకుంది!”

“ఎన్నాళ్ళని వాయించమంటావ్?” అన్నాడు. “నాకూ ఇరవై ఎనిమిది వచ్చాయి.”

“శ్రుతి నీదని ఎందుకు చెప్పావ్?”

“మరి ఎవరిదని చెప్పమంటావ్? బాబాయ్ ఇక వాయించడు. నీకు రాదు. అది నా ఒక్కడి దగ్గరే ఉంది. నా దగ్గర ఉన్నది నాదే.”

నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. ఆ రోజునుంచి వాణ్ణి అన్నా అనడం మానేశాను.

అది అనాస కాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా హొనొలులులో పడుచు ఆడవాళ్ళలో సగం మంది ఫ్యాక్టరీలోనే ఉండేవాళ్ళం. తెల్లటోపీ, రబ్బరు తొడుగులు, ముందు బల్ల మీద చెక్కు తీసిన పళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, మిగిలిన కళ్ళు కత్తితో తీసేయడం మా పని. తొడుగు ఎంత మంచిదైనా రసం లోపలికి దిగేది. పది రోజులకే వేళ్ళ చివర తోలు ఊడి ఎర్రబడేది. మా బల్ల దగ్గర నాతో పాటు ముగ్గురు. ఫిలొమెనా అక్క పోర్చుగీసు మనిషి, యాభై దాటింది, నోరు పెద్దది. హరుయె జపాను పిల్ల, పలకరిస్తే తప్ప మాట్లాడదు. పురీటా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి చర్చిలో పాడేది.

జులైలో ఒక సోమవారం ఫిలొమెనా అక్క కత్తి బల్లకేసి కొట్టి మరీ చెప్పింది. “నిన్న రేడియో విన్నారా? ఆ ఎనోక గాడు ఏం కూశాడో? ‘నా శ్రుతి కనిపెట్టినవాళ్ళు ఎవరైనా సరే ఆగస్టు ఆఖరి ఆదివారం రండి, నా కుర్చీ ఇచ్చేస్తా. అనాసపళ్ళు కోసే ఆడాళ్ళయినా సరే! కాకపోతే తొడుగులు తీసి రండి’ అన్నాడు. జనం ఒకటే నవ్వు.”

పురీటా మూతి తిప్పింది. “వాడు తినే డబ్బా పళ్ళు ఎవరు కోస్తే వచ్చాయట?”

“మీలియా, మీ ఇంట్లో పెరిగినవాడే కదే వాడు!” అంది ఫిలొమెనా అక్క.

“అవును,” అన్నాను. “ఆ శ్రుతి మా నాన్నది.”

బల్ల దగ్గర ముగ్గురూ నా వైపు చూశారు. పళ్ళు కోయకుండానే ముందుకు పోయాయి. మేస్త్రీ కేక వేసింది. కత్తులు మళ్ళీ కదిలాక, నేను అన్నీ చెప్పాను.

అంతా విని హరుయె ఒక్క మాట అంది. “మరి నీకు వచ్చా, ఆ శ్రుతి?”

“రాదు. కనుక్కుంటాను.”

ప్రతి ఆదివారం హోటల్ ముందు ఇసుకలోకి పోయి కూర్చునేదాన్ని. ఇసుక ఎవడి సొత్తూ కాదు కాబట్టి పొమ్మనేవాళ్ళు లేరు. ఎనోక పాటలో ఎక్కడ కడ్డీని ఏ మెట్టు మీద పెడుతున్నాడో చూసి కాగితపు సంచీ మీద రాసుకునేదాన్ని. నాన్న రోజూ నాలుగింటికి చేపలకు పోయి చీకటి పడే వేళకు వచ్చేవాడు. ఆయన వచ్చేలోగా మంచం కింద నుంచి ఆయన గిటార్ తీసి, ఒక్కో తీగ తిప్పుతూ, ఇసుకలో విన్న ధ్వనితో పోల్చుకునేదాన్ని. రసానికి పచ్చిపుండైన వేళ్ళతో తీగ పట్టుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా ఆపలేదు. ఆ నొప్పి వచ్చినప్పుడల్లా వాడి తెల్లబూట్లు గుర్తుచేసుకునేదాన్ని.

మూడు వారాల్లో ఏడు తీగలు దొరికాయి. కింది నుంచి రెండోది, ఏడో తీగ, ఎంతకీ దొరకలేదు. అది ఎలా కట్టినా పాట పాటలానే ఉండేది కానీ నాన్న పాటలా ఉండేది కాదు.

ఒకరోజు అలా తిప్పుతుండగా పాత బిరడా జారి, ఆ తీగ దానంతట అదే అరస్వరం కిందికి దిగింది. విసుగ్గా ఒకసారి అన్ని తీగలూ మీటాను. గదంతా నిండిపోయింది. నాలుగు సాక్సఫోన్లు ఒక్క ఊపిరితో ఊదినట్టు. నేను మళ్ళీ మీటాను. మళ్ళీ.

తల ఎత్తితే గుమ్మంలో నాన్న. ఆ వేళ ఎందుకో తొందరగా వచ్చేశాడు. చేతిలో చేపల బుట్ట కారుతోంది. నన్ను చూశాడు, గిటార్‌ని చూశాడు.

“వాన వచ్చేలా ఉంది. బట్టలు తియ్యి,” అన్నాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను లేచి వెళ్ళి బట్టలు తీశాను.

ఫిలొమెనా అక్క కొడుకు సైన్యంలో చేరి కొరియా పోయాడు. వాయిదాల మీద కొన్న ఎనిమిది తీగల గిటార్ ఇంట్లో వదిలిపోయాడు. షిఫ్టు అయ్యాక రోజూ వాళ్ళ బట్టలుతికే కొట్టంలో కూర్చునేవాళ్ళం.

నేనొక్కదాన్నే పోయి వాయిస్తే సరిపోయేది. కానీ నాకు అది చాలలేదు. ఒక్క యోకెపా కూతురు వాయిస్తే, ఇంట్లో నేర్చుకుంది అంటారు. అనాసపళ్ళు కోసే ఆడవాళ్ళు వరసగా వచ్చి వాయించాలి. ఆ పాటకు నాలుగు భాగాలు. మొదటిది, రెండోది, నాలుగోది ఇంచుమించు ఒకటే. మూడోది మాత్రం ఇంకో ఊరికి పోయి తిరిగొచ్చినట్టు ఉంటుంది. పురీటాకి మొదటి భాగం, హరుయెకి రెండోది ఇచ్చాను.

“ఆ కష్టమైంది నాకియ్యి,” అంది ఫిలొమెనా అక్క.

“అక్కా, మూడు వారాలే ఉంది.”

“ముగ్గుర్ని కన్నాను. మూడు వారాల్లో ఇంత ఇనుపముక్క జరపలేనా?”

మొదటి వారం ఆవిడ వాయిస్తే పక్కింటి కుక్క ఏడ్చేది. ఆవిడ పోర్చుగీసులో గిటార్‌నీ, ఎనోకనీ, ఎనోక తాతముత్తాతల్నీ వరసపెట్టి తిట్టేది. రెండో వారంలో కుక్క ఊరుకుంది. మూడో వారంలో, రెప్పపాటు ఆగాల్సిన చోట ఆవిడ ఆగింది. నేను చెప్పలేదు ఆగమని. పాట అక్కడ ఆగమంటోంది అంది.

ఆగస్టు ఆఖరి ఆదివారం. ఫ్యాక్టరీలో మా పని అంతకుముందు రోజే అయిపోయింది.

“మంచి గౌన్లు వేసుకుందామా?” అంది పురీటా.

“ఎందుకు? టోపీలూ ఏప్రన్లూ వేసుకునే పోదాం. వాడు పిలిచింది అనాసపళ్ళు కోసేవాళ్ళనే కదా,” అంది హరుయె. అంత పొడుగు మాట ఆ పిల్ల నోట వినడం అదే మొదలు.

హోటల్ పెరట్లో కొబ్బరిచెట్ల కింద మూడొందల మంది దాకా ఉన్నారు. గిటార్‌ని వంటింటి వెనక శ్రుతి చేసుకుని, నలుగురం వేదిక దగ్గరికి నడిచాం. తెల్లాయన మైకు పట్టుకుని మమ్మల్ని చూసి పగలబడి నవ్వాడు.

“ఎనోకా! నీ సవాలుకి వచ్చారయ్యా!”

ఎనోక నన్ను చూశాడు. నవ్వు చెదరనివ్వలేదు. “తొడుగులు తీసి వచ్చారా అక్కయ్యలూ?”

జనం గొల్లున నవ్వారు. ఫిలొమెనా అక్క వేదిక ఎక్కి రెండు చేతులూ ఎత్తి, అరచేతులు జనానికి తిప్పి చూపించింది. తోలు ఊడి ఎర్రగా, మచ్చలు మచ్చలుగా. “తీశాం బాబూ. చూస్తావా?”

ముందు వరసల్లో నవ్వు ఆగిపోయింది.

పురీటా కూర్చుంది. కడ్డీ తిన్నగానే పడింది. రెండో స్వరానికే, నిలువెత్తు బాస్ వాద్యం వాయించే ముసలాయన, నాన్నతో పద్నాలుగేళ్ళు నిలబడినవాడు, ఎవరూ అడక్కుండానే తీగ అందుకున్నాడు. పురీటా లేచింది, హరుయె కూర్చుంది. అద్దం మీద నీళ్ళు జారినంత శుభ్రంగా వాయించింది. తర్వాత ఫిలొమెనా అక్క. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ (తిడుతోందని మాకు తెలుసు) మూడో భాగం అంతా దాటింది. ఆఖర్న నేను. ఎప్పుడు కూర్చున్నానో, ఎప్పుడు లేచానో గుర్తులేదు. ఎనోక వైపు చూస్తూ వాయించానని మాత్రం గుర్తుంది.

చప్పట్లు ఆగలేదు. తెల్లాయన ఎనోక భుజం తట్టి, “కుర్చీ ఇవ్వాలి మరి!” అన్నాడు.

నాన్న పేరు మైకులో ఒక్కసారి చెప్పి దిగిపోదామని నేను అనుకున్నాను. అంతే అనుకున్నాను. కానీ ఎనోక ముందే మైకు అందుకున్నాడు.

“ఈ అమ్మాయి మా చెల్లెలు. చిన్నప్పుడు నేనే నేర్పాను. గురువుకి మంచి పేరు తెచ్చింది!” అని నా తల నిమిరాడు.

నేను వాడి చేతిలోంచి మైకు తీసుకున్నాను.

“అలాగా అన్నా?” అన్నాను. “అయితే అందరికీ నేర్పేద్దాం. రేడియో వింటున్నవాళ్ళూ, కాగితం పెన్సిలూ తెచ్చుకోండి. ఆగుతాను.”

పదిదాకా లెక్కపెట్టాను. అంతసేపు రేడియోలో సముద్రం హోరు తప్ప ఏమీ వినబడలేదని తర్వాత చాలామంది చెప్పారు. ఎనోక నా మోచెయ్యి పట్టుకున్నాడు. “వద్దు చెల్లీ,” అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. “నీకు దండం పెడతాను. నా దగ్గర ఇంకేం లేదు.”

“మొదటి తీగ ఇ స్వరం,” అన్నాను మైకులో. “రెండోది సి. మూడోది ఎ.” అలా ఎనిమిదీ, ఒక్కో తీగ స్వరం చెప్పి, మీటి వినిపించి, తర్వాతిది. ఏడోది రెండుసార్లు మీటాను. అంతా అయ్యాక మళ్ళీ మొదటినుంచి చెప్పాను, రాసుకోవడం తప్పిపోయినవాళ్ళ కోసం. “దీని పేరు యోకెపా శ్రుతి,” అని మైకు ఇచ్చేసి దిగిపోయాను.

బస్సులో ఫిలొమెనా అక్క పాడింది, డ్రైవరు కూడా కలిపాడు. ఇంటికి వచ్చేసరికి నా ఒళ్ళు తేలిపోతోంది. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రేడియో ఆపేసి ఉంది.

“విన్నావా?”

“విన్నాను.”

“నీ పేరు చెప్పాను నాన్నా.”

“చెప్పావు. వాడు ఒక్కడు ఎత్తుకుపోయాడు. చచ్చినా ఇంకొకడికి చెప్పేవాడు కాదు. వాడి దగ్గర అది భద్రంగా ఉండేది. నువ్వు తీసుకెళ్ళి వీధిలో పారబోశావు,” అన్నాడు.

“నాకిచ్చి ఉంటే నా దగ్గరే ఉండేది.”

నాన్న నా చేతుల వైపు చూశాడు.

“నీకివ్వలేదు,” అన్నాడు.

“అవును. ఇవ్వలేదు.”

లేచి వసారాలోకి పోయాడు. నేను దీపం వెలిగించి అన్నం వండాను. ఆ పూట ఎవరి కంచం వాళ్ళం తీసుకుని ఇంటికి చెరోవైపు కూర్చుని తిన్నాం.

క్రిస్మస్ నాటికి మా దీవుల్లో వాయియానె నుంచి హీలో దాకా ఎనిమిది తీగల గిటార్ ఉన్న ప్రతివాడూ ఆ శ్రుతి కట్టేవాడు. హోటల్లో ఎనోక పాట వింటుంటే, మా మేనల్లుడు కూడా ఇలాగే వాయిస్తాడే అనుకునేవాళ్ళు జనం. జనవరిలో ఆ కుర్చీలో ఇంకెవడో కూర్చున్నాడు. ఎనోక కాలిఫోర్నియా ఓడ ఎక్కాడు. రేవుకి నేను పోయాను. ఓడెక్కేవాళ్ళ మెడలో పూలదండ వెయ్యడం మా ఆచారం. నేను దండ తీసుకుపోలేదు, వీడ్కోలుకి పోలేదు, చూడటానికి పోయాను. అందరి మెడల్లోనూ గడ్డం దాకా దండలున్నాయి. వాడి మెడలో ఒక్కటి కూడా లేదు. ఓడ కదిలేదాకా నిలబడ్డాను. నాకు తృప్తిగా ఉంది. ఇప్పుడు డెబ్బై దాటాక కూడా ఆ మాట దాచను.

తర్వాత మా గేటు దగ్గరికి కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని రావడం మొదలైంది. యోకెపా గారు ఉన్నారా అని అడిగేవాళ్ళు. “అలాంటివాడెవడూ లేడిక్కడ. ఆ అమ్మాయిని అడగండి, అందరికీ పంచేది ఆవిడే,” అనేవాడు నాన్న. నేను వాళ్ళను వసారాలో కూర్చోబెట్టి నేర్పేదాన్ని. నాన్న అటు మూల వీపు ఇటు పెట్టి వల అల్లుకునేవాడు. మొదటి నెల పలకలేదు. తర్వాత ఒకరోజు ఒక కుర్రాడు కడ్డీ వంకర పెడితే, తిరగకుండానే, “అది గిటారా, రంపమా?” అన్నాడు. అక్కడినుంచి ఎవడు తప్పినా తిట్టేవాడు. వాళ్ళు దిద్దుకునేవాళ్ళు. ఆ తిట్ల కోసమే కావాలని తప్పు వాయించేవాళ్ళు కూడా తయారయ్యారు. అలా పదకొండేళ్ళు.

ఆ ఏళ్ళలో ఒకసారి, కుర్రాళ్ళందరూ వెళ్ళిపోయాక, నేను కూడా కావాలనే ఏడో తీగని అరస్వరం పైకి కట్టుకున్నాను. ఆ పాట మొదటినుంచి చివరిదాకా వాయించాను. మూడో భాగంలో ఆగాల్సిన చోట ఆగలేదు. నాలుగో భాగంలో కడ్డీ వంకర పెట్టాను. ఊరి కుక్కలన్నీ ఏడ్చేలా వాయించాను.

నాన్న ముడి బిగించాడు. కత్తితో దారం కోశాడు. తల ఎత్తకుండా పక్క ముడి మొదలుపెట్టాడు.